ఎక్కుడు దోవలో రేడియేటర్ ఫ్యాన్



ఆదివారం పూట బోయకొండ గంగమ్మ దర్శనానికి వచ్చే బండ్ల వరుసను మా చౌడేపల్లె చుట్టుపక్కల వాళ్లు అందరూ చూసే ఉంటారు. పుంగనూరు వైపు నుంచి, మదనపల్లె వైపు నుంచి, కర్ణాటక నుంచి, తమిళనాడు నుంచి కార్లు, జీపులు, ఆటోలు వస్తాయి. రోడ్డు మీద హాయిగా వచ్చిన బండి కొండ మొదలయ్యాక మొదటి గేరులో పడుతుంది. ముందు బండి నాలుగడుగులు కదిలితే మనమూ నాలుగడుగులు కదలాలి. మళ్లీ ఆగాలి. ఈ వరుసలో ఎక్కడో ఒక పాత కారు బానెట్ ఎత్తి పక్కన నిలబడి ఉంటుంది. ఆవిరి బుసబుసా వస్తుంటుంది. మొక్కుబడి కోడితో సహా ఇంటిల్లిపాదీ దిగి, చెట్టు నీడ వెతుక్కుంటూ ఉంటారు.

అలాంటి బండిని దగ్గరికి వెళ్లి చూస్తే చాలాసార్లు ఇంజన్‌లో లోపం ఉండదు. రేడియేటర్ పగలదు. నీళ్లు కూడా పోసే ఉంటారు. తిరగాల్సిన ఫ్యాన్ తిరగలేదు, అంతే. రెండు మూడు వందల రూపాయల భాగం ఒకటి పని మానేసినందుకు వేల రూపాయల సిలిండర్ హెడ్ పని తగులుతుంది. ఈ రోజు ఆ ఫ్యాన్ గురించి, దాన్ని డ్రైవర్ తన చేత్తో తిప్పుకునేలా ఒక స్విచ్చు పెట్టుకోవడం గురించి మాట్లాడతాను.

ముందు వేడి లెక్క చూద్దాం. పెట్రోలు మండితే వచ్చే శక్తిలో మూడో వంతుకు మించి చక్రాలకు చేరడం కష్టం. ఇంచుమించు ఇంకో మూడో వంతు పొగగొట్టం దారిన పోతుంది. మిగిలిన వంతు ఇంజన్ చుట్టూ తిరిగే నీళ్లలోకి వస్తుంది. అంటే ఇంజన్ ఎంత పని చేస్తే కనీసం అంత వేడి రేడియేటర్ బయటికి పంపాలి. మన దోవలకే ఈ లెక్క కట్టి చూడండి. చిత్తూరు సముద్రమట్టానికి సుమారు 330 మీటర్ల ఎత్తులో ఉంది. పలమనేరు 680 మీటర్ల ఎత్తులో ఉంది. మనుషులతో కలిపి 1,000 కిలోల కారు మొగిలి ఘాట్ మీదుగా పలమనేరు చేరాలంటే, ఎత్తుకు ఎక్కడానికి ఒక్కదానికే 34 లక్షల జౌళ్ల పని చెయ్యాలి. అంత వేడీ నీళ్లలోకి వస్తుంది. ఆ వేడితో దాదాపు 11 లీటర్ల చన్నీళ్లు మరిగిపోతాయి. చాలా చిన్న కార్లలో తిరిగే నీళ్లు మొత్తం కలిపి 4 లీటర్లు కూడా ఉండవు. ఆ కాసిని నీళ్లే మళ్లీ మళ్లీ రేడియేటర్‌లోకి వచ్చి, వేడిని గాలికి ఇచ్చేసి, మళ్లీ ఇంజన్‌లోకి వెళ్లాలి.

గాలి లేకపోతే ఈ పని జరగదు. కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. అప్పుడు ఫ్యాన్ తిరిగినా తిరగకపోయినా ఒకటే. అసలు ఇబ్బంది ఇంజన్ గట్టిగా పని చేస్తూ బండి నెమ్మదిగా కదిలేటప్పుడు వస్తుంది. భాకరాపేట ఘాట్‌లో టమోటా లారీ వెనక ఇరుక్కున్నప్పుడు, హార్సిలీ కొండ మలుపుల్లో, బోయకొండ వరుసలో మనకు అదే పరిస్థితి. ఎదురుగాలి ఉండదు, వేడి మాత్రం నిండుగా ఉంటుంది. ఆ కొద్ది నిమిషాలూ బండిని కాపాడేది ఫ్యాన్ ఒక్కటే.

రేడియేటర్ వెనక గాలి పంకా పెట్టాలనే ఆలోచన దాదాపు మోటారు కారంత పాతది. జర్మనీలో విల్‌హెల్మ్ మైబాఖ్ అనే ఇంజనీరు 1897లోనే గొట్టాల రేడియేటర్‌కు ఫ్యాన్ జత చేశాడు. ఆ తర్వాత 1901 నాటి మెర్సిడెస్ కారుకు ఆయన 8,070 సన్నని గొట్టాలు పేర్చిన తేనెపట్టు రేడియేటర్ తయారు చేశాడు. గాలికి తగిలే లోహం ఎక్కువయ్యేసరికి మోయాల్సిన నీళ్లు తగ్గాయి. ఈ రోజు మన కార్లలో ఉన్నది కూడా ఆ వంశమే.

మన దేశంలో అంబాసిడర్ కాలంలో ఫ్యాన్ గురించి డ్రైవర్ ఆలోచించాల్సిన పని ఉండేది కాదు. ఇంజన్ నిలువుగా, ముందుకు మొహం పెట్టి కూర్చునేది. దాని ముందు పుల్లీకి బెల్టు, ఆ బెల్టుతో ఫ్యాన్. ఇంజన్ తిరిగినంతసేపూ ఫ్యాన్ తిరిగేది. బెల్టు తెగితే తప్ప ఆగేది కాదు. తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది, రెండోది 1974లో వచ్చింది. ఆ దోవల్లో ఎక్కిన పాత బండ్లు దాదాపు అన్నీ బెల్టు ఫ్యాన్లతోనే ఎక్కాయి. అయితే ఆ ఫ్యాన్‌కూ ఒక బలహీనత ఉంది. బండి ఆగి ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంటే ఫ్యాన్ కూడా నెమ్మదిగానే తిరిగేది. అందుకే పాత డ్రైవర్లు ఎక్కుడులో ఆగినప్పుడు న్యూట్రల్‌లో పెట్టి యాక్సిలరేటర్ కొంచెం తొక్కి పట్టేవాళ్లు.

1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డు మీదికి వచ్చింది. 796 సీసీ ఇంజన్, మూడు సిలిండర్లు. ముందు చక్రాలను తిప్పే బండి కాబట్టి ఇంజన్‌ను అడ్డంగా కూర్చోబెట్టారు. అప్పుడు పుల్లీ ముందుకు కాకుండా పక్కకు తిరిగిపోయింది. ముందున్న రేడియేటర్ ఫ్యాన్‌ను బెల్టుతో తిప్పే వీలు లేదు. అందుకే ఫ్యాన్‌కు వేరే ఎలక్ట్రిక్ మోటారు పెట్టారు. తర్వాత వచ్చిన చిన్న కార్లు దాదాపు అన్నీ ఈ బాటే పట్టాయి. అంబాసిడర్, మారుతి 800 రెండింటి తయారీ 2014లోనే ఆగిపోయింది. కానీ మారుతి 800లు మన మండలాల్లో ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నాయి. పెండ్లిళ్లకు పోతున్నాయి, కొండ ఎక్కుతున్నాయి. నేను చెప్పేది ముఖ్యంగా ఈ బండ్లకు, ఈ వయసున్న ఇతర చిన్న కార్లకు.

ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఎప్పుడూ తిరగదు. అవసరమైతేనే తిరుగుతుంది. ఆ అవసరాన్ని కనిపెట్టేది థర్మో స్విచ్. మన మెకానిక్కులు ఫ్యాన్ స్విచ్ అంటారు. బొటనవేలంత ఇత్తడి ముక్క. దాని కొన నీళ్లలో మునిగి ఉంటుంది. లోపల రెండు లోహాలు అతికించిన పలచని బిళ్ల ఉంటుంది. బండిని బట్టి 90 నుంచి 98 డిగ్రీల మధ్య ఎక్కడో ఒక చోట ఆ బిళ్ల టక్కున వంగుతుంది. కరెంటు దారి కలుస్తుంది, ఫ్యాన్ తిరుగుతుంది. నీళ్లు నాలుగైదు డిగ్రీలు చల్లబడ్డాక బిళ్ల వెనక్కి వస్తుంది, ఫ్యాన్ ఆగుతుంది.

చక్కటి ఏర్పాటు. కాని ఏళ్ల తరబడి వేడిలో నాని, కాంటాక్టులు నల్లబడి, ఒక రోజు ఆ బిళ్ల వంగినా కరెంటు పోదు. అది చెడిపోయిన సంగతి డ్రైవర్‌కు తెలిసే దారి లేదు. మదనపల్లె నుంచి పుంగనూరు దాకా మంచి రోడ్డు మీద పోయినంతసేపూ ఎదురుగాలి ఉంది కాబట్టి ఏమీ కనబడదు. ఎక్కుడు దోవలో, వరుసలో ఇరుక్కున్నాకే బయటపడుతుంది. అప్పటికి వెనక్కి తిరిగే దోవ కూడా ఉండదు.

ఇలా ఒకసారి జరిగిన బండిని మెకానిక్ దగ్గరికి తీసుకుపోతే మన ఊళ్లలో వినిపించే మాట ఒకటుంది. "డైరెక్ట్ ఇచ్చేస్తా సార్, ఇంక భయమే లేదు" అంటాడు. థర్మో స్విచ్‌ను పక్కన పెట్టి, ఫ్యాన్ వైరును తాళం తిప్పితే కరెంటు వచ్చే చోట కలిపేస్తాడు. ఇక బండి స్టార్ట్ అయినప్పటి నుంచి ఆగేదాకా ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. ఇంకొందరు దాంతో ఆగరు. "ఈ వాల్వు మన ఎండలకు అక్కర్లేదు" అని థర్మోస్టాట్ కూడా పీకి ఇచ్చేస్తారు.

ఈ రెండు పనులూ తప్పని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకో చెబుతాను. థర్మోస్టాట్ అనేది ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వకుండా ఆపే తలుపు. చాలా కార్లలో 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలుపెడుతుంది. దాన్ని తీసేసి, ఫ్యాన్ డైరెక్ట్ చేస్తే ఇంజన్ కాగాల్సినంత కాగదు. మార్గశిర, పుష్య మాసాల్లో మదనపల్లె తెల్లవారుజాము చలి మీకు తెలుసు. ఆ చలిలో బయల్దేరిన బండి పది కిలోమీటర్లు పోయినా ఇంజన్ సరిగ్గా వేడెక్కదు. పెట్రోలు ఎక్కువ తాగుతుంది. పూర్తిగా మండని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది. రింగులు అరుగుతాయి. ఆయిల్‌లో తేమ చేరి చిక్కటి మడ్డి కడుతుంది. ఇంజన్ కాగడం ఎంత కీడో, ఎప్పుడూ కాగకపోవడమూ అంత కీడే. మొదటిది గంటలో చంపుతుంది, రెండోది రెండేళ్లలో.

మరి డైరెక్ట్ చేసిన ఫ్యాన్ మోటారు సంగతి? రోజంతా అవసరం లేకుండా తిరిగి తిరిగి దాని కార్బన్ బ్రష్‌లు, బుష్‌లు త్వరగా అరిగిపోతాయి. చివరికి అది నిలిచిపోయేది కూడా ఎక్కుడు దోవలోనే. పైగా ఆ తొందరలో సన్నటి వైరు వాడి, ఫ్యూజు పెట్టకుండా వదిలేస్తే షార్ట్ అయి అగ్గి పుట్టే ప్రమాదం వేరే.

దీనికి సరైన మందు ఉంది. ఆటోమేటిక్ ఏర్పాటును దాని తావులో ఉండనిచ్చి, దానికి పక్కదారిగా డాష్‌బోర్డు మీద ఒక చేతి స్విచ్చు పెట్టుకోవాలి. నీళ్లు కాగితే థర్మో స్విచ్ తిప్పుతుంది. అది తిప్పకపోతే మీరు తిప్పుతారు. రెండింట్లో ఏ ఒక్కటి చెప్పినా ఫ్యాన్ తిరగాలి. ఏ ఒక్కటీ రెండోదాన్ని ఆపకూడదు. ఈ మాట ముఖ్యం. కొందరు "ఆన్, ఆఫ్ రెండూ నా చేతిలో ఉండాలి" అని స్విచ్చును థర్మో స్విచ్ దారిలోనే వరుసగా పెడతారు. ఆ స్విచ్చు ఆఫ్‌లో మరిచిపోతే నీళ్లు ఎంత కాగినా ఫ్యాన్ తిరగదు. వాగు దాటే జీపుల్లో ఫ్యాన్ రెక్కలు నీళ్లలో విరగకుండా అలా ఆపే స్విచ్చు పెట్టుకునేవాళ్లు ఉన్నారు. మన కార్లకు అది వద్దు.

ఇక పని ఎలా చెయ్యాలో చెబుతాను. మీరే చేసుకోకపోయినా, ఆటో ఎలక్ట్రీషియన్ చేసేటప్పుడు పక్కన నిలబడి అడగడానికి పనికొస్తుంది.

ఫ్యాన్ మోటారు 12 వోల్టుల దగ్గర సుమారు 10 ఆంపియర్ల కరెంటు లాగుతుంది. మొదలయ్యే క్షణంలో దానికి రెండు మూడు రెట్లు లాగుతుంది. డాష్‌బోర్డు మీద పెట్టే చిన్న స్విచ్చు ఆ కరెంటును మొయ్యలేదు. కొన్నాళ్లకు వేడెక్కి కరుగుతుంది. అందుకే మధ్యలో రిలే ఉండాలి. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటు తలుపు తెరిచే పెట్టె. బజారులో దొరికే 30 ఆంపియర్ల నాలుగు కాళ్ల రిలే సరిపోతుంది. దాని కాళ్ల మీద 30, 87, 85, 86 అని అంకెలు ఉంటాయి. బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజు మీదుగా వచ్చే లావు వైరు 30కి రావాలి. 87 నుంచి ఫ్యాన్ మోటారుకు పోవాలి. ఈ దారి వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గకూడదు. ఫ్యూజు 15 లేదా 20 ఆంపియర్లది, బ్యాటరీకి జానెడు దూరం లోపలే ఉండాలి. ఫ్యూజు కాపాడేది దాని తర్వాత ఉన్న వైరునే. దాన్ని దూరంగా పెడితే బ్యాటరీ నుంచి ఫ్యూజు దాకా ఉన్న వైరుకు రక్ష లేనట్టే.

85, 86 కాళ్లు రిలే లోపలి కాయిల్‌వి. 86కు తాళం ఆన్ చేస్తే వచ్చే కరెంటు ఇవ్వాలి. 85ను ఎర్తుకు కలిపితే రిలే పట్టుకుంటుంది. ఇక్కడే మన కిటుకు ఉంది. 85 నుంచి రెండు దారులు తీయాలి. ఒకటి థర్మో స్విచ్ మీదుగా ఎర్తుకు పోతుంది. రెండోది డాష్‌బోర్డు మీది చేతి స్విచ్చు మీదుగా ఎర్తుకు పోతుంది. ఏ దారి కలిసినా ఫ్యాన్ తిరుగుతుంది. చేతి స్విచ్చులో పారే కరెంటు ఆంపియర్‌లో అయిదో వంతు కూడా ఉండదు. సన్నటి వైరు చాలు. పైగా ఆ వైరు ఎక్కడైనా ఒరుసుకుపోయి బాడీకి తగిలినా అగ్గి పుట్టదు. ఫ్యాన్ ఊరికే తిరుగుతుంది, అంతే. చెడిపోయినా మంచి వైపే చెడిపోయే ఏర్పాటు ఇది. నాకు ఈ పద్ధతి నచ్చడానికి పెద్ద కారణం ఇదే.

కొన్ని బండ్లలో కంపెనీవాళ్లే ఇలా రిలే పెట్టి ఉంటారు. అప్పుడు థర్మో స్విచ్ వైరుకు ఒక కొమ్మ కలిపి స్విచ్చుకు తెచ్చుకుంటే పని అయిపోతుంది. కొన్ని పాత బండ్లలో రిలే లేకుండా థర్మో స్విచ్చే మోటారు కరెంటంతా మోస్తుంది. వాటికి కొత్తగా రిలే పెట్టడం వల్ల థర్మో స్విచ్ ఆయుష్షు కూడా పెరుగుతుంది. అందుకే వైరు కోయకముందే మీ బండి ఏ రకమో చూసుకోవాలి.

తాళం కరెంటు మీదే ఎందుకు పెట్టమన్నానంటే, బండి ఆపి స్విచ్చు మరిచిపోయి గుడికి పోయామనుకోండి. చిన్న కారు బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లది ఉంటుంది. 10 ఆంపియర్ల ఫ్యాన్ దాన్ని మూడున్నర గంటల్లో పీల్చేస్తుంది. దర్శనం చేసుకుని వచ్చేసరికి బండి తోసుకోవాల్సిందే. తాళంతో పాటు ఫ్యాన్ కూడా ఆగిపోతే ఆ బాధ లేదు.

వైర్లు అతికేటప్పుడు మెలిపెట్టి టేపు చుట్టడం వద్దు. బానెట్ కింద వేడికి టేపు జిగురు కరిగి జారిపోతుంది. లగ్గులు నొక్కి, లేదా సోల్డర్ చేసి, వేడికి ముడుచుకునే స్లీవు తొడగాలి. ఇంజన్ వైపు నుంచి క్యాబిన్‌లోకి వైరు వచ్చే రంధ్రానికి రబ్బరు గ్రామెట్ ఉండాలి. లేకపోతే రేకు అంచు వైరును కోసేస్తుంది.

స్విచ్చుతో పాటు ఒక చిన్న ఎర్ర దీపం కూడా పెట్టించుకోండి. 12 వోల్టుల ఇండికేటర్ దీపం. దాన్ని స్విచ్చుకు కాకుండా, రిలే దాటి మోటారుకు పోయే వైరుకు కలపాలి. అప్పుడు ఆటోమేటిక్‌గా తిరిగినా, మీరు తిప్పినా, ఫ్యాన్‌కు కరెంటు అందుతున్నంతసేపూ దీపం వెలుగుతుంది. నన్నడిగితే స్విచ్చు కన్నా ఈ దీపం విలువే ఎక్కువ. ఇంతకాలం కంటికి కనిపించని పని ఒకటి కంటికి కనిపిస్తుంది. పుంగనూరు సెంటర్‌లో ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వేడి చూపే ముల్లు మధ్య దాటినా దీపం వెలగకపోతే థర్మో స్విచ్చో, ఫ్యూజో, రిలేనో పోయిందని ఊళ్లోనే తెలుస్తుంది. కొండ ఎక్కేదాకా ఆగనక్కర్లేదు. దీపం వెలుగుతున్నా ఫ్యాన్ మోత వినపడకపోతే మోటారు బ్రష్‌లు పోయి ఉండవచ్చు. చెవి కూడా పెట్టాలి.

స్విచ్చు మీద లేనిపోని ఆశలు పెట్టుకోకూడదు, అదీ చెప్పాలి. చేతి స్విచ్చు వేసినంత మాత్రాన ఫ్యాన్ బలం పెరగదు. అదే మోటారు, అవే రెక్కలు. ఎక్కుడు మొదలయ్యే ముందే వేసుకుంటే థర్మో స్విచ్ కలిసేదాకా ఆగకుండా కొన్ని డిగ్రీలు ముందునుంచే చల్లబరుస్తుంది. అసలు ప్రయోజనం థర్మో స్విచ్ మోసం చేసిన రోజు వస్తుంది. రేడియేటర్ పూడుకుపోయి ఉంటే, వాటర్ పంపు పోయి ఉంటే, హెడ్ గాస్కెట్ పోయి ఉంటే పది స్విచ్చులు పెట్టినా బండి కాగుతుంది. ప్రతి ఎక్కుడులోనూ చేతి స్విచ్చు వెయ్యాల్సి వస్తోందంటే మెకానిక్‌కు చూపించమని బండి అడుగుతున్నట్టే.

రేడియేటర్ పూడుకుపోవడం మన ప్రాంతంలో ఎక్కువ. కారణం బోరు నీళ్లు. వందల అడుగుల లోతు నుంచి వచ్చే నీళ్లలో కరిగిన సున్నం ఎక్కువ. ఇంట్లో రోజూ నీళ్లు కాచే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది కదా, రేడియేటర్ సన్నగొట్టాల్లోనూ అదే పొర కడుతుంది. దారిలో ఆగి పొలం గట్టు మోటారు నీళ్లు పోసిన ప్రతిసారీ ఆ పొర మందమవుతుంది. ఆపదలో ఏ నీళ్లయినా పొయ్యక తప్పదు. ఊరికి చేరాక మాత్రం అవి తీసేసి, డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సమానంగా కలిపి పోయించండి. కూలెంట్ మంచు దేశాల వాళ్లకేనని కొందరి అభిప్రాయం. అది తుప్పు పట్టనివ్వదు, నీళ్లు మరిగే స్థాయిని కూడా పెంచుతుంది. మనకు కావలసినవి ఆ రెండే.

మరిగే స్థాయి మాట వచ్చింది కాబట్టి మన ఎత్తు గురించి ఒక ముక్క. నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయని చదువుకున్నది సముద్రం పక్కన ఉన్నవాళ్ల లెక్క. ప్రతి 300 మీటర్ల ఎత్తుకు సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. దాదాపు 700 మీటర్ల ఎత్తున్న మదనపల్లెలో తెరిచిన గిన్నెలో నీళ్లు 97, 98 డిగ్రీల మధ్యే మరుగుతాయి. హార్సిలీ కొండ మీద, అంటే 1,265 మీటర్ల ఎత్తులో, 96 దాటకుండానే మరుగుతాయి. కారులో అంత తొందరగా మరగకుండా ఆపేది రేడియేటర్ మూత. దాని స్ప్రింగు లోపలి ఒత్తిడిని పట్టి ఉంచుతుంది. మూత మీద 0.9 అని రాసి ఉంటే వట్టి నీళ్లు కూడా ఇంచుమించు 118 డిగ్రీల దాకా మరగవు. మూత రబ్బరు చిట్లిందంటే ఆ రక్ష పోయినట్టే. థర్మో స్విచ్‌ను వేడినీళ్లలో ముంచి పరీక్ష చేసేవాళ్లు కూడా ఈ లెక్క గుర్తు పెట్టుకోవాలి. 98 డిగ్రీల దగ్గర కలిసే స్విచ్‌ను మా వైపు మరిగే నీళ్లలో వేస్తే అది మంచిదైనా కలవకపోవచ్చు. దాన్ని చెడిపోయిందని పారేస్తే నష్టం మనదే.

స్విచ్ మంచిదో కాదో చూడటానికి ఇంకో సులువైన దారి ఉంది. నీళ్లు కాగినా ఫ్యాన్ తిరగని బండిలో తాళం ఆన్ చేసి, థర్మో స్విచ్ మీది కనెక్టర్ ఊడదీసి, దానికి రెండు వైర్లుంటే ఒకదానికొకటి, ఒకే వైరుంటే ఎర్తుకు కలపండి. ఫ్యాన్ తిరిగితే మోటారు, ఫ్యూజు, రిలే మంచివే. తప్పు థర్మో స్విచ్‌ది. తిరగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే, చివరికి మోటారు చూడాలి. ఈ పరీక్ష పాత బండ్లకే.

కొత్త బండ్ల సంగతి వేరు. వాటిలో థర్మో స్విచ్ ఉండదు. నీళ్ల వేడిని సెన్సర్ కంప్యూటర్‌కు చెబుతుంది, కంప్యూటర్ ఫ్యాన్‌ను తిప్పుతుంది. ఆ సెన్సర్ వైరు తెగితే చాలా బండ్లలో కంప్యూటరే జాగ్రత్తపడి ఫ్యాన్‌ను ఆగకుండా తిప్పుతుంది. అలాంటి బండ్ల వైర్లు కోసి చేతి స్విచ్చు పెట్టాలని చూడొద్దు. వారంటీ పోతుంది, కంప్యూటర్ పోయినా ఆశ్చర్యం లేదు. ఏసీ ఆన్ చేస్తే చాలా కార్లలో ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది. ఫ్యాన్ బాగుందో లేదో చూసుకోవడానికి ఆ బండ్లున్నవాళ్లకు అదే పరీక్ష. ఇక టమోటా మోసే డీజిల్ పిక్కప్పులకు, బొలెరో తరహా బండ్లకు చాలావాటికి ఇంకా బెల్టు ఫ్యానే ఉంది. మధ్యలో చిక్కటి సిలికాన్ నూనె ఉన్న కప్లింగ్, వేడిని బట్టి ఫ్యాన్‌ను గట్టిగానో వదులుగానో పట్టుకుంటుంది. వాటికి ఈ స్విచ్చు కుదరదు. ఆ కప్లింగ్ వదులైందేమో చూపించుకోవాలి.

ఎన్ని ఏర్పాట్లున్నా దోవలో బండి కాగితే ఏం చెయ్యాలి? ముల్లు ఎర్ర గీత వైపు పోతుంటే ఏసీ ఆపండి. చేతి స్విచ్చు వెయ్యండి. హీటర్ ఉంటే పూర్తిగా తిప్పి బ్లోయర్ పెట్టండి. లోపల ఉడికిపోతాం, నిజమే. కాని ఆ వేడి ఇంజన్ నుంచి వచ్చిందే. అప్పటికీ తగ్గకపోతే పక్కకు తీసి ఇంజన్ ఆపండి. పైకి పోయిన ముల్లు హఠాత్తుగా కిందికి పడిందంటే సంతోషించకండి. నీళ్లన్నీ పోయి సెన్సర్‌కు నీళ్లు తగలడం లేదేమో. ఆ బండిని ఒక్క అడుగు కూడా నడపకూడదు.

బానెట్ ఎత్తండి, రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోకండి. కనీసం అరగంట ఆగండి. లోపల ఒత్తిడితో ఉన్న వేడినీళ్లు మూత వదులైన క్షణంలో మొహం మీదికి చిమ్ముతాయి. కాగిన ఇంజన్ మీద చన్నీళ్లు కుమ్మరిస్తే హెడ్ వంకరపోతుంది, పగుళ్లు వస్తాయి. తాళం తీసినా కొన్ని కార్లలో థర్మో స్విచ్ ఫ్యాన్‌ను ఉన్నట్టుండి తిప్పుతుంది. తుండుగుడ్డ, చీర కొంగు, పిల్లల వేళ్లు ఆ రెక్కల దగ్గరికి పోకూడదు.

చుట్టుపక్కల ఊళ్లలో పనిచేసే మెకానిక్ తమ్ముళ్లకు, ఆటో ఎలక్ట్రీషియన్లకు ఒక మనవి. కస్టమర్ తొందరపెడతాడు, కొత్త థర్మో స్విచ్ ఆ పూటకు దొరకదు, డైరెక్ట్ ఇవ్వక తప్పని సందర్భం ఉంటుందని నాకు తెలుసు. ఇవ్వండి. కాని ఫ్యూజు పెట్టి ఇవ్వండి. "ఇది ఊరు చేరడానికే, వారంలో స్విచ్ వేయించుకోండి" అని నోరు తెరిచి చెప్పండి. తీసిన థర్మోస్టాట్‌కు బదులు కొత్తది తెప్పించి వెయ్యండి.

బండి ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఇదే. ఈ ఆదివారం బోయకొండకో, తిరుమలకో, హార్సిలీ కొండకో పోయే ముందు, శనివారం సాయంత్రం ఇంటి ముందు బండి స్టార్ట్ చేసి పావుగంట, ఇరవై నిమిషాలు ఉంచండి. ముల్లు మధ్యకు రానివ్వండి. ఫ్యాన్ దానంతటదే తిరిగి, కాసేపటికి దానంతటదే ఆగాలి. అలా తిరగకపోతే ఆ బండిని కొండకు తీసుకుపోకండి.